క్లబ్ పిస్టల్ ఎందుకు జామ్ అవుతోంది?

అక్టోబర్ 6, సోమవారం. ఉదయం 10.40

అన్యాయం జరిగింది. చేసింది నగేష్.

ఈ రోజు జల్‌పల్లి షూటింగ్ రేంజ్‌లో ముప్పై తూటాలు కాల్చాను. పిస్టల్ ఏడుసార్లు జామ్ అయింది. ఏడు! మా క్లబ్‌లో ఆయుధాల గది తాళంచెవి నగేష్ దగ్గర ఉంటుంది. పిస్టల్ తీసి ఇచ్చేది అతను. తిరిగి తీసుకుని లోపల పెట్టేది అతను. ఇంకా సాక్ష్యం దేనికి?

క్లబ్‌లో పాయింట్ టూటూ పిస్టల్ ఒక్కటే. దాంతో పోటీకి దిగేది ఇద్దరం. నేను, ఉప్పుగూడ సుజన. ఈ నెల 26న, ఆదివారం, రాష్ట్ర పోటీలకు ఎంపిక. నాకు అది పేరు. సుజనకు అంతకంటే ఎక్కువ. వాళ్ల నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. రాష్ట్ర పోటీల్లో పాల్గొంటే రైల్వే స్పోర్ట్స్ కోటాకు దరఖాస్తు పెట్టుకోవచ్చని రెండేళ్లుగా పొద్దున్నే రెండు బస్సులు మారి రేంజ్‌కు వస్తోంది. నిరుడు దరఖాస్తు దాకా వెళ్లలేకపోయింది. వయసు ప్రకారం ఆమెకు ఇదే ఆఖరు ఏడాది.

కాబట్టి ఇది పిస్టల్ సమస్య కాదు. సామాజిక సమస్య.

సాయంత్రం 6.00

కోపంతో పని జరగదు. "సమస్యకు శాస్త్రీయ పరిష్కారం" అనే కరపత్రం మళ్లీ చదివాను. (ఎనిమిది పేజీలు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికింది. ఆరో పేజీ లేదు.) నేటి నుంచి ఎంపిక పోటీ దాకా సరిగ్గా ఇరవై ఒక్క రోజులు. ఈ ఇరవై ఒక్క రోజులూ నా దీక్ష:

ఒకటి. ఒకసారికి ఒకే మార్పు. ఏది మారిస్తే ఏం జరిగిందో రాసిపెట్టాలి.
రెండు. కేకలు వేయరాదు.
మూడు. ఆధారం లేకుండా ఎవరినీ నిందించరాదు. (నగేష్ సంగతి ఉదయమే తేలిపోయింది. అతనికి వర్తించదు.)
నాలుగు. కరపత్రాలు చదవవచ్చు. రాయరాదు.

మనసు ఎంత తేలికగా ఉందో!

అక్టోబర్ 7, మంగళవారం. ఉదయం 9.15

మొదటి మార్పు: తూటాల పెట్టె. పాతది పక్కన పెట్టి వేరే కంపెనీది తెరిచాను. ముప్పైకి ఆరు జామ్‌లు. నిన్నటికంటే ఒకటి తక్కువ. విజ్ఞానం గెలుస్తోంది!

జామ్‌లు రెండు రకాలని గుర్తించాను. మొదటిది: తూటాలు నింపే మ్యాగజైన్‌లోంచి కొత్త తూటా పైకి లేవక, ముక్కు కిందికి వాల్చి ఆగిపోవడం. రెండోది: కాల్చాక ఖాళీ గుల్ల బయటికి ఎగిరి పడకుండా, పైన ముందుకూ వెనక్కూ జరిగే స్లైడ్ సందులో నిలువునా ఇరుక్కోవడం. మొదటిదే ఎక్కువ.

నోటుపుస్తకంలో పట్టిక గీశాను. మూడు గళ్లు: సమయం, రకం, దోషి.

సుజన కూడా ఒక పట్టిక గీసింది. ఆమె గళ్లు వేరు. ఏ మ్యాగజైన్, అందులో ఎన్నో తూటా.

"దోషి గడి లేదేంది?" అన్నాను.

"పిస్తోల్ బాగైనంక గీస్త తియ్యి" అంది.

అక్టోబర్ 8, బుధవారం. మధ్యాహ్నం 12.30

రెండో మార్పు: మ్యాగజైన్. క్లబ్‌లో ఉన్నవి రెండు. సుజన గోళ్లరంగుతో ఒకదానికి ఒక చుక్క, రెండోదానికి రెండు చుక్కలు పెట్టింది. ఒక చుక్కదాంట్లో మూడు జామ్‌లు, రెండు చుక్కలదాంట్లో మూడు. ఏం తేలలేదు. అయినా అరవలేదు. మూడు రోజులు! ఇంట్లో అమ్మకు చెప్పాను.

"మూడు దినాలైనా? పక్కింటి నాగమణమ్మ నీకు పాణం బాగలేదా అని అడిగింది నన్ను" అంది అమ్మ.

అక్టోబర్ 9, గురువారం. ఉదయం 10.05

నగేష్ వచ్చి నా వెనక నిలబడ్డాడు. నోట్లో ఇలాచీ.

"తమ్మీ, మ్యాగజైన్ అడుగు పలక ఇప్పి సూశినవా?"

"సలహా తర్వాత, అన్నా. ముందు నా సవాల్‌కు జవాబ్ చెప్పు. పిస్తోల్ ఎవరి చేతిల ఉంటది?"

"తాళంచెవి నా తాన. పిస్తోల్ నీ తాన."

"మరి అది పాడైతే జిమ్మేదారి ఎవరిది?"

"మ్యాగజైన్ అడుగు పలక ఇప్పి సూడు తమ్మీ" అన్నాడు మళ్లీ. వెళ్లి నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

విషయాన్ని దారి మళ్లించడం ఎలా ఉంటుందో కరపత్రాల్లో చదివాను. కళ్లారా చూడడం ఇదే మొదటిసారి.

మూడో మార్పు: నూనె. స్లైడ్‌కు రెండు చుక్కలు. జామ్‌లు ఐదు. తగ్గుతున్నాయి!!

అక్టోబర్ 11, శనివారం. ఉదయం 11.00

రెండు చుక్కలకు ఒక జామ్ తగ్గితే పది చుక్కలకు ఐదు తగ్గాలి. లెక్క అదే కదా. మ్యాగజైన్‌లోకి కూడా వంచాను. దానితోపాటు తూటాల పెట్టె మార్చాను. పట్టు కూడా మార్చాను. ఇవి మూడు మార్పులు అనవచ్చు. కానీ మూడూ ఒకే ఉదయం, ఒకే మనిషి, ఒకే ఉద్దేశంతో చేశాడు కాబట్టి ఒకటిగానే రాసుకుంటున్నాను.

జామ్‌లు: పదకొండు.

వ్యాఖ్య లేదు.

అక్టోబర్ 13, సోమవారం. ఉదయం 9.50

ఈ రోజు నిలదీశాను. మెల్లగానే. కేక కాదు.

"అన్నా, దసరా ముంగట ఈ పిస్తోల్ గడియారం లెక్క నడిచింది. దసరా అయినంక ఆగుతున్నది. నువ్వు సాఫ్ చేస్తలేవు. అవునా కాదా?"

"అవును. చేస్తలేను."

ఒప్పుకున్నాడు! సుజన వైపు విజయగర్వంతో చూశాను. సుజన గోడ వైపు చూస్తోంది. నగేష్ కూడా లేచి గోడ దగ్గరికి వెళ్లి, అక్కడ అంటించిన కాగితం మీద వేలు పెట్టి చదివాడు.

"'రెండో డిమాండ్. క్రీడాకారుల ఆయుధాలను సిబ్బందితో శుభ్రం చేయించడం శ్రమ దోపిడీ. ఇకపై నగేష్ గారు శుభ్రం చేసే పేరుతో పిస్టల్ మీద చెయ్యి వేయరాదు. క్రీడాకారులే శుభ్రం చేసుకోవాలి.' కింద దస్తకత్ ఎవరిది తమ్మీ?"

సంతకం నాదే. ఆగస్టు 18 నాటి వినతిపత్రం. సెక్రటరీ వామన్‌రావు సార్ "మంజూరు" అని రాసి సంతకం చేశారు. నాలుగు రోజులు పోరాడి సాధించుకున్నాం.

మొదటి డిమాండ్ కూడా దాంట్లోనే ఉంది. ఏటా ఆయుధపూజ రోజు సార్ ఒక్కరే వచ్చి, తాళం వేసిన ఇనప్పెట్టెకు బొట్టు పెట్టి వెళ్లేవారు. ఇదేం పద్ధతి? "పెట్టెకు కాదు, పిస్టల్‌కే పూజ! ఒక్కరి చేత కాదు, అందరి చేతుల మీదుగా!" అని రాశాను. అదీ నెగ్గాం. మొన్నటి దసరాకు పిస్టల్, మ్యాగజైన్లు అన్నీ ఎర్రగుడ్డ మీద పరిచి, తొమ్మిది మందిమి తలా గుప్పెడు అక్షింతలు చల్లాం. క్లబ్ చరిత్రలోనే తొలిసారి.

నేను రోజూ శుభ్రం చేస్తూనే ఉన్నాను. గొట్టంలో బ్రష్ పెట్టి లాగుతున్నాను. ఇంకేం చేస్తారు?

అక్టోబర్ 15, బుధవారం

ఎండ ఎక్కువ. జామ్‌లు ఏడు. ఎండే కారణం.

అక్టోబర్ 16, గురువారం

మబ్బు. జామ్‌లు ఎనిమిది. తేమ.

అక్టోబర్ 17, శుక్రవారం. ఉదయం 10.20

పన్నెండో రోజు. నాలుగో తూటా ఆగింది. మళ్లీ నాలుగోది. మ్యాగజైన్ ఖాళీ చేసి బల్లకేసి కొట్టాను. "ఈ క్లబ్‌ల ఒక్కడన్నా పని చేస్తున్నడా!" అన్నాను. పక్క రేంజ్‌లో రైఫిల్ వాళ్లు కాల్చడం ఆపేశారు.

దీన్ని కేక అనలేం. రేంజ్‌లో అందరూ చెవులకు మఫ్‌లు పెట్టుకుంటారు. వినపడాలంటే ఎవరైనా అంత గట్టిగానే మాట్లాడాలి.

వామన్‌రావు సార్ తన గదిలోంచి చాయ్ కప్పుతోనే వచ్చారు. నెమ్మదైన మనిషి. కప్పు సాసర్‌లో పెట్టాకే మాట్లాడారు.

"అరే సంకేత్, జర సబర్ పట్టు. సునో. వచ్చే శుక్రవారం సాయంత్రం ఐదింటికి నా ముందట ముప్పై రౌండ్లు కాల్చాలె. ఒక్కటి ఆగినా మీ ఇద్దరి పేర్లు వాపస్ తీస్కుంట. ఎంపికల నడుమ పిస్తోల్ పట్టుకుని మనం తమాషా కావద్దు. సమజైందా?"

"సార్, నా పేరు కూడానా?" అంది సుజన.

"పిస్తోల్ ఒక్కటే గద బేటా."

సుజన తన పట్టిక మూసి సంచిలో పెట్టుకుంది. నాకు సార్ మాటకంటే ఆ సంచి జిప్పు చప్పుడే ఎక్కువగా వినపడింది.

అక్టోబర్ 18, శనివారం. రాత్రి 8.00

నాలుగో నియమం: కరపత్రం రాయరాదు. కానీ ఒక ఆడపిల్ల భవిష్యత్తు ప్రమాదంలో పడ్డప్పుడు నియమాలు పట్టుకుని కూర్చునేవాడు మనిషేనా?

రాశాను. శీర్షిక: "జామ్‌ల వెనక ఎవరు?" ఒకటిన్నర పేజీ. నగేష్ పేరు నాలుగుసార్లు, వామన్‌రావు సార్ పేరు రెండుసార్లు వచ్చింది. నేను పనిచేసే జిరాక్స్ షాపులోనే యాభై కాపీలు తీశాను. సాయంత్రం రేంజ్ గేటు దగ్గర, బస్టాపు దగ్గర పంచాను. ఒక మిర్చీ బండి ఆయన తనంతట తానే పది అడిగి తీసుకున్నాడు. ప్రజల్లో చైతన్యం ఉంది.

అక్టోబర్ 20, సోమవారం. సాయంత్రం 7.15

దీపావళి. రేంజ్ సెలవు. మా లాల్‌దర్వాజా గల్లీలో పదివేల టపాకాయల లడీ కాల్చారు. మొదటినుంచి చివరిదాకా ఒక్కటి కూడా ఆగలేదు. చూడలేక లోపలికి వచ్చేశాను.

అక్టోబర్ 21, మంగళవారం. ఉదయం 9.40

సుజన గేటు దగ్గరే ఆపింది. చేతిలో నా కరపత్రం. మిర్చీ నూనె మరకతో.

"ఇది నా కోసం రాసినవా?"

"నీ తరఫున పోరాటం..."

"నేనడిగిన్నా? రెండు వారాల సంది జామ్‌లు రాస్తున్న. సూడు ఇది." పట్టిక నా ముక్కు కింద పెట్టింది. "రెండు మ్యాగజైన్లల్ల ఎప్పుడు ఆగినా నాలుగోది, ఐదోదే ఆగుతున్నది. మొదటి మూడు ఆగుతలేవు. అంటే లోపల స్ప్రింగ్ పైదాక తోస్తలేదు. ఏదో అడ్డమున్నది. నగేషన్న మొదటి వారమే చెప్పిండు, అడుగు పలక ఇప్పమని. విన్నవా?"

"అతను దారి మళ్లిస్తున్నడు..."

"నీకేం? ఆదివారం పోతె ఇంకో కరపత్రం రాస్కుంటవ్. నాకేమున్నది? మా నాన్నకేం చెప్పాలె? పిస్తోల్ నడవలే గాని కరపత్రం మస్తు నడిచిందనా?"

వెళ్లిపోయింది. ఈ రోజు కాల్చలేదు.

నా దగ్గర జవాబు ఉంది. బస్టాపు దాకా వెళ్లాక తట్టింది. అప్పటికి అది నాకే నచ్చలేదు.

అక్టోబర్ 22, బుధవారం

అడుగు పలక విప్పుదామని ప్రయత్నించాను. ఎటు తోయాలో తెలియదు. స్క్రూడ్రైవర్ జారి బొటనవేలికి గుచ్చుకుంది. పిస్టల్ పనితనం మీద మూడు కరపత్రాలు చదివాను. మూడింటిలోనూ సామ్రాజ్యవాదం గురించే ఉంది.

అక్టోబర్ 23, గురువారం. మధ్యాహ్నం 2.30

నగేష్ దగ్గరికి వెళ్లాను. "అన్నా, జర ఇప్పి సూస్తవా?"

నగేష్ నా వైపు కాదు, గోడ మీద కాగితం వైపు చూశాడు. "నాకు హుకుం లేదు తమ్మీ."

"నేనే చెప్తున్న గద."

"నోటితోని చెప్తె రేపు నువ్వే ఇంకోటి అచ్చేస్తవ్. హుకుం లేకుండ నగేష్ చెయ్యి పెట్టిండు, గందుకే పాడైంది అని. రాసిచ్చినదానికి రాసిచ్చుడే."

సుజన కాగితం, పెన్ను తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎంతసేపయినా అక్కడి నుంచి కదిలేలా లేదు.

మొదటి ప్రతి: "ఆగస్టు 18 నాటి వినతిపత్రంలోని రెండో డిమాండ్‌ను, ప్రత్యేక పరిస్థితుల దృష్ట్యా, సూత్రప్రాయంగా కాక తాత్కాలికంగా..." సుజన "తాత్కాలికంగా" కొట్టేసింది. రెండో ప్రతిలో "సూత్రప్రాయంగా" కొట్టేసింది. మూడో ప్రతిలో మిగిలింది: "నగేష్ అన్న పిస్టల్ విప్పి చూడాలని కోరుతున్నాను. నాకు రాదు." సంతకం చేశాను. ఇంత చిన్న కాగితం నేను ఇంతవరకు రాయలేదు.

నగేష్ దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాతే పిస్టల్ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసి, మ్యాగజైన్ చేతిలోకి తీసుకున్నాడు. అడుగు పలకను బొటనవేలితో నొక్కి ముందుకు జరిపాడు. నిన్న నేను పక్కకు తోశాను, అదీ నా తప్పు. స్ప్రింగ్ జాగ్రత్తగా బయటికి తీశాడు. పాత పేపర్ మీద మ్యాగజైన్‌ను బోర్లించి రెండుసార్లు తట్టాడు.

టప్.

బియ్యపు గింజ. పసుపు రంగుది.

టప్. ఇంకోటి. మొత్తం నాలుగు. రెండు చుక్కల మ్యాగజైన్‌లోంచి ఇంకో మూడు. పసుపు, కుంకుమ, నేను వంచిన నూనె అన్నీ కలిసి లోపలి గోడలకు లేహ్యంలా పట్టుకున్నాయి. ఖాళీ గుల్లను బయటికి లాగే చిన్న కొక్కెం కింద కూడా అదే.

అక్షింతలు చల్లాలని పోరాడింది ఎవరో అందరికీ తెలుసు. నగేష్ ఒక గింజ వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు.

"నెయ్యి మంచిది తమ్మీ. ఇంట్ల కలిపిందా?"

అవును. ఆ రోజు పళ్లెం మా ఇంటి నుంచే తెచ్చాను. ఊరేగింపులా తెచ్చాను.

ఇంటికి వచ్చి అమ్మను అడిగాను.

"నెయ్యేసే కలిపిన్రా. అంటుకోవాలె గద, రాలిపోతె ఎట్ల?"

"మంచిగ అంటుకున్నయి అమ్మా."

అక్టోబర్ 24, శుక్రవారం. సాయంత్రం 5.40

ముప్పై తూటాలు. నగేష్ తుడిచి బిగించిన పిస్టల్‌తో పదిహేను సుజన, పదిహేను నేను. వామన్‌రావు సార్ వెనక కుర్చీలో కూర్చుని చూశారు. జామ్‌లు: సున్నా. సార్ ఖాళీ గుల్లలు ఒకసారి చూసి, "ఆదివారం టైముకు రాండ్రి" అని మాత్రం అన్నారు. జేబులోంచి నా కరపత్రం తీసి వెనక్కి ఇచ్చారు. అందులో రెండు అక్షర దోషాలు ఎర్రపెన్నుతో దిద్ది ఉన్నాయి.

నగేష్‌కు క్షమాపణ చెప్పాలి. మూడుసార్లు దగ్గరికి వెళ్లాను. మూడుసార్లూ ఇలాచీ ఇచ్చాడు. తినేసి వచ్చాను.

అక్టోబర్ 26, ఆదివారం. మధ్యాహ్నం 2.30

ఇరవై ఒకటో రోజు.

ముందు సుజన వంతు. అరవై తూటాలు, ఐదేసి చొప్పున పన్నెండు వరుసలు. ఎంపికకు 510 పాయింట్లు కావాలి. ఏడో వరుస దాకా పిస్టల్ నీళ్లలా నడిచింది. ఎనిమిదో వరుసలో మూడో తూటా దగ్గర ఆగింది.

నా గుండె కూడా ఆగింది.

సుజన కదల్లేదు. పిస్టల్ టార్గెట్ వైపే పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి నిలబడింది. నియమం అదే. ఆగినప్పుడు మనంతట మనం తాకకూడదు. తాకితే ఆ వరుస పోయినట్టే. అధికారి వచ్చి చూడాలి. అధికారి ఆ చివర నుంచి నడిచి వస్తున్నాడు. నింపాదిగా. పెళ్లికి వచ్చినట్టు.

"సార్, జల్ది రాండ్రి! గది మా తప్పు కాదు! తూటా తప్పు!"

ఎవరో అరిచారు. అందరూ నా వైపు చూశారు.

"ఎవరా పిలగాడు? బయటికి పంపుండ్రి" అన్నాడు అధికారి. "ఇంకోసారి గొంతు లేస్తె ఆ అమ్మాయికి పెనాల్టీ."

సుజన తల తిప్పలేదు. కళ్లు మాత్రం టార్గెట్ మీంచి ఒకసారి పక్కకు తప్పాయి. నా వల్ల.

నగేష్ నా భుజం మీద చెయ్యి వేసి బయటికి నడిపించాడు. మూసిన తలుపు బయట ఇద్దరం నిలబడ్డాం. లోపల ఏం జరుగుతోందో కనపడదు. చప్పుళ్లు మాత్రం వినపడతాయి. కాసేపు ఏమీ లేదు.

"అన్నా, మళ్ల నా వల్లనే పోతదా?"

"సప్పుడు చెయ్యకు. లెక్కవెట్టు."

ఐదు. తూటాదే దోషమని తేలినట్టుంది, ఆ వరుస మళ్లీ కాల్చుకోనిచ్చారు! మళ్లీ ఐదు. మళ్లీ ఐదు. పన్నెండో వరుస అయ్యేదాకా నేను నోరు మూసుకుని లెక్కపెట్టాను. ఈ ఇరవై ఒక్క రోజుల్లో నేను నిజంగా మౌనంగా ఉన్నది ఆ పావుగంటే.

"అన్నా" అన్నాను. "ఆ కరపత్రంల నీ పేరు నాలుగుసార్లు రాసిన. నాలుగుసార్లూ తప్పే."

"అయిదుసార్లు" అన్నాడు నగేష్. "కింద చిన్న అక్షరాల్ల ఇంకోసారి ఉన్నది. మా ఇంట్ల సదివిండ్రు."

తలుపు తెరుచుకుంది. సుజన వచ్చింది. 513. ఆ అంకె చెప్పి, మెట్ల మీద కూర్చుని, ఫోన్ తీసి వాళ్ల నాన్నకు కలిపింది. "నాన్నా, అయింది" అంది. ఫోన్‌లో అవతల రైలు కూత వినపడింది.

తర్వాత నా వంతు. అదే పిస్టల్. అరవై తూటాలు. ఒక్క జామ్ లేదు. 502.

ఒక్క జామ్ కూడా లేదు! మధ్యలో ఒకటి రెండుసార్లు ఆగితే బాగుండునని కూడా అనిపించింది. ఆగలేదు. వరుస తర్వాత వరుస అంత శుభ్రంగా నడిచింది. తూటాలు మాత్రం నేను పంపిన చోటికే వెళ్లాయి.

"ఇప్పుడు ఎవరి మీద రాస్తవ్?" అంది సుజన. చాలా రోజుల తర్వాత నవ్వింది.

"సోంచాయిస్తున్న" అన్నాను.

సాయంత్రం 6.10

సుజన రాష్ట్ర పోటీ నవంబర్ 16న. రేపటి నుంచి లెక్కపెడితే సరిగ్గా ఇరవై ఒక్క రోజులు. ఆ రోజు దాకా పిస్టల్ మీద జామ్ అన్న మాట రాకూడదు. అందుకే మళ్లీ మొదలుపెడుతున్నాను. ఒకసారికి ఒకే మార్పు. కేకల్లేవు. నింద లేదు. కరపత్రాల విషయంలో ఈ ఒక్క ప్రకటనకు మాత్రం మినహాయింపు. ఇది రేపు క్లబ్ గోడ మీద, పాతది పీకేసిన చోట అంటిస్తాను:

"క్రీడాకారులారా! మంగళవారం ఉదయం ఏడు గంటలకు ఆయుధాల గది ముందు అందరూ సమావేశం కావాలి. మ్యాగజైన్ విప్పడం, తుడవడం, బిగించడం నగేష్ అన్న నేర్పుతారు. నేర్చుకునేవాళ్లలో మొదటి పేరు నాది. ఎవరి పాత టూత్‌బ్రష్ వాళ్లు తెచ్చుకోవాలి. సుజన పిస్టల్ మన అందరి పిస్టల్. ఏడంటే ఏడు. ఆలస్యంగా వచ్చినవాళ్ల పేర్లు ఎక్కడా రాయబడవు."